అగ్నిపర్వతం అంటే హ్వో-షాన్: చరిత్ర, సైన్స్ చిన్న వ్యాసాలతో చైనా భాష చదవడం ఎలా

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా సైన్స్, సోషల్ చదివినవాళ్ల దగ్గర చైనా భాషకి పనికొచ్చే పెట్టుబడి ఒకటుంది. దాన్ని బయటికి తీసేవాళ్లు మాత్రం తక్కువ. అగ్నిపర్వతాన్ని చైనా భాషలో హ్వో-షాన్ అంటారు. హ్వో అంటే నిప్పు, షాన్ అంటే కొండ. భూకంపం తీ-చన్. తీ నేల, చన్ కంపించడం. శిలాజం హ్వా-షి, అంటే రాయిగా మారినది. సూక్ష్మదర్శిని శ్యెన్-వెయ్-చింగ్, అంటే సూక్ష్మమైనదాన్ని చూపించే అద్దం. కిరణజన్య సంయోగక్రియ అని పరీక్షల కోసం బట్టీ పట్టిన మాట గుర్తుందా? చైనాలో అది క్వాంగ్-హ త్స్వో-యోంగ్: వెలుగు, కలయిక, క్రియ. ఉభయచరాలు ల్యాంగ్-ఛీ తోంగ్-వూ: రెండుచోట్లా నివసించే జంతువులు. రాక్షసబల్లి ఖోంగ్-లోంగ్, భయంకరమైన డ్రాగన్.

వీటిలో చాలా మాటలకి ఇంగ్లిష్ పేర్లు గ్రీకు, లాటిన్ తెలిసినవాళ్లకి తప్ప విడిపోవు. తెలుగు, చైనా మాటలు మాత్రం వాటంతటవే విడిపోతాయి. హైదరాబాద్‌లో చైనా భాష మొదలుపెట్టేవాళ్లు యాప్‌లోనో ఆన్‌లైన్ క్లాసులోనో ఇంగ్లిష్ అర్థాలతోనే నేర్చుకుంటారు కాబట్టి ఈ దగ్గరిదారి కనబడదు. మీ నోట్‌బుక్‌లో చైనా మాట పక్కన ఇంగ్లిష్ రాయకండి, పాత తెలుగు సైన్స్ పుస్తకంలోని మాట రాయండి. సగం మాటలకి బట్టీ పట్టే కార్డులు అక్కర్లేకుండా పోతాయి. అన్నీ ఇలా కుదరవు. భూమధ్యరేఖని వాళ్లు ఛి-తావ్, అంటే ఎర్రదారి అంటారు. కుదరనివాటినే కంఠస్థం చేయండి.

ముందు పలుకుబడి

చైనా పలుకుబడిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి పేరు పిన్యిన్. దాన్ని ఇంగ్లిష్‌లా చదవడం దగ్గరే మనవాళ్ల ఉచ్చారణ పాడవుతుంది. పిన్యిన్‌లో బి, డి, జి అని రాసే ధ్వనులు చైనా నోట ప, త, క. పి, టి, కె అని రాసేవి వాటి ఒత్తు రూపాలు. పెదాల ముందు కాగితం ముక్క పట్టుకుని పలికితే ఒత్తు రూపానికి అది కదలాలి, మామూలు రూపానికి కదలకూడదు. మన అక్షరమాలలో రెంటికీ చోటుంది, ఇంగ్లిష్‌లో లేదు. అలాగే ఎక్స్ అక్షరం మన శ, ఎస్‌హెచ్ మన ష, ఎస్ మన స. ఈ మూడూ వేరుగా పలకడం నేర్పిన తెలుగు మాస్టారికి ఇప్పుడు దణ్ణం పెట్టుకోవాలి. జె అక్షరం చ, క్యూ అక్షరం ఛ. జెడ్ అక్షరం త్స, సి అక్షరం ఊపిరి వదిలిన త్స. ఈ వ్యాసంలో చైనా మాటలన్నీ ఈ లెక్కనే ఉన్నాయి. ఫ కనిపించినచోట ప-కి ఒత్తు ఇవ్వండి, పెదవిని పళ్లకి ఆనించే ఫ్యాన్‌లోని ఫ పలకొద్దు. అలా పలకాల్సిన ధ్వనీ చైనాలో ఉంది, పిన్యిన్‌లో ఎఫ్ అని రాస్తారు. కింద ఫన్, ఫా-చాన్ మాటల్లో ఉన్నది అదే.

చైనా భాషకి నాలుగు స్వరాలున్నాయి, స్వరం తేలిపోయే పలుకు ఒకటి అదనం. ఇవి కాగితం మీద రావు, విని పట్టాల్సిందే. అందుకే ఆడియో లేని వ్యాసాన్ని మొదటి మూడు నెలలు ముట్టుకోకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏది ఎంచుకోవాలి

చైనా భాష ఎంత వచ్చో కొలిచే హెచ్‌ఎస్‌కే పరీక్షల పాత ఆరు స్థాయిల లెక్కలో మూడో స్థాయికి 600 మాటలు, నాలుగోదానికి 1200. 600 వచ్చాక నేర్చుకునేవాళ్ల కోసం కుదించి రాసిన వ్యాసాలు చదవచ్చు. 1200 దాటితే చైనా పిల్లల కోసం రాసినవి పట్టుకోవచ్చు. పత్రికల జోలికి ఇంకా చాలా తర్వాత.

ఒక వ్యాసం మీకు సరిపోతుందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. మధ్యలోంచి ఒక వంద అక్షరాల ముక్క తీసుకుని తెలియని మాటల కింద గీత పెట్టండి. మూడు లోపుంటే అది మెట్రోలో చదువుకునే సరుకు. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటే బల్ల మీద పెట్టుకుని చదవాల్సింది. అంతకు మించితే పక్కన పెట్టేయండి. పౌరుషానికి పోయి పదిహేను తెలియని మాటలున్న పేరాతో కుస్తీ పడితే నిఘంటువు వెతకడంలో చేయి తిరుగుతుంది, చదవడం మాత్రం రాదు.

నిడివి 200 నుంచి 400 అక్షరాలు. కథల కన్నా చరిత్ర, సైన్స్ వ్యాసాలే మొదట తేలిక. కథలో ‘గొణిగాడు’, ‘సణిగింది’ లాంటి మాటలు ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడవు. కాగితం తయారీ మీద వ్యాసంలో నార, గుజ్జు, నానబెట్టడం, ఆరబెట్టడం పదిసార్లు వస్తాయి. ఈ లాభం పూర్తిగా అందాలంటే ఒకే విషయం మీద వరసగా నాలుగైదు వ్యాసాలు చదవాలి. ఇవాళ కాగితం, రేపు కృష్ణబిలం, ఎల్లుండి మింగ్ వంశం అంటూ గెంతితే ప్రతిసారీ మొదటి మెట్టు మీదే ఉంటారు.

వెతికేటప్పుడు విషయం పేరు పక్కన ఖ-ఫూ అనే మాట చైనా లిపిలో చేర్చండి. జనానికి అర్థమయ్యే సైన్స్ అని దానర్థం. షావ్-అర్ అని కూడా చేరిస్తే పిల్లల కోసం రాసినవి వస్తాయి. బయటి దేశాల గైడ్లన్నీ వీచాట్‌లో వ్యాసాలు చదవమంటాయి. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అది కూడా ఉంది, దానిమీద ఆశ పెట్టుకోకండి. చైనా వికీపీడియా దొరుకుతుంది కానీ వాక్యాలు బారెడు. పైగా తైవాన్, హాంకాంగ్ వాళ్లు రాసిన పాత లిపి, చైనా వాళ్లు రాసిన సరళ లిపి కలగలిసి ఉంటాయి. పేజీ పైన లిపి మార్చే మెనూలో చైనా సరళ లిపి ఎంచుకున్నాకే చదవండి.

ప్రింటు తీసుకోండి

స్క్రీన్ మీద చదివితే వేలు ఊరుకోదు, ప్రతి మాటనీ నొక్కుతుంది. ఎ4 కాగితం మీద 16 సైజు అక్షరాలు, వరసల మధ్య రెట్టింపు ఖాళీ పెట్టి ప్రింటు తీయండి. అక్షరాల మీద పిన్యిన్ ఉండకూడదు. ఉంటే కన్ను దాన్నే చదువుతుంది, నెల రోజుల తర్వాత కూడా అక్షరం అక్షరంగా గుర్తుపట్టలేరు. కావాలంటే పిన్యిన్ వెనకవైపు వేయించండి.

జిరాక్స్ షాపుకి వర్డ్ ఫైల్ పట్టుకెళ్తే వాళ్ల కంప్యూటర్‌లో చైనా ఫాంట్ లేక అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు పడొచ్చు. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి. చేతిరాత అభ్యాసానికి చైనా నుంచి గళ్ల పుస్తకాలు తెప్పించుకోనక్కర్లేదు. కోఠిలో ఏ స్టేషనరీ షాపులోనైనా చిన్నపిల్లలు లెక్కలకి వాడే పెద్ద గళ్ల నోట్‌బుక్ దొరుకుతుంది. గడికో అక్షరం. వ్యాసానికి మూడు అక్షరాలు మాత్రమే, ఒక్కోటి పదిసార్లు. అన్నీ రాస్తానని కూర్చుంటే చదవడానికి టైముండదు.

ఒక వ్యాసం, నాలుగు విడతలు

మొదటి విడత నిఘంటువు లేకుండా, పెన్సిల్‌తో. మనుషుల పేర్లు, ఊర్ల పేర్ల చుట్టూ సున్నా చుట్టండి. అంకెలు, సంవత్సరాల కింద గీత పెట్టండి. పదినిమిషాల్లో ముగించి, వ్యాసం దేని గురించో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. తప్పయినా పర్లేదు.

రెండో విడతలో నిఘంటువు. ప్లెకో యాప్ ఉచితం, దాదాపు అందరూ వాడేది అదే. వెతికే మాటలు పదికి మించొద్దు. ఏ పది అన్నది ముందే గుర్తు పెట్టుకోండి: రెండుసార్లు కన్నా ఎక్కువ వచ్చినవి, వాక్యంలో క్రియగా ఉన్నవి. మిగతావి వదిలేయండి.

మూడోది అసలు పని, వాక్యాన్ని విప్పడం. ఇక్కడ కాసేపు ఆగుదాం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ జబ్బుకే తర్వాతి కాలంలో మందు కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త థూ యోవ్‌యోవ్‌కి 2015లో నోబెల్ వచ్చింది. ఆమె మీద వ్యాసాల్లో ఇలాంటి వాక్యం ఎదురవుతుంది:

థూ యోవ్‌యోవ్ త్సోంగ్ ఛింగ్‌హావ్ చోంగ్ థీ-ఛ్యూ త ఛింగ్‌హావ్‌సూ, చ్యోవ్ ల షూ-పాయ్-వాన్ రన్ త మింగ్.

ఛింగ్‌హావ్ ఒక మొక్క, మాచిపత్రి జాతిది. ఛింగ్‌హావ్‌సూ ఆ మలేరియా మందు పేరు. త్సోంగ్… చోంగ్ అన్న జంట కలిపి ‘లోంచి’. థీ-ఛ్యూ అంటే తీయడం. దాని తర్వాత వచ్చిన ‘త’ చూడండి, చైనా వాక్యానికి కీలు అదే. ‘త’ ముందున్నదంతా దాని తర్వాతి నామవాచకానికి విశేషణం. ‘థూ యోవ్‌యోవ్ ఛింగ్‌హావ్ లోంచి తీసిన ఛింగ్‌హావ్‌సూ’. మన ‘తీసిన’లోని ‘ఇన’ చేసే పనే ‘త’ చేస్తోంది, వరస కూడా మనదే. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు ఇక్కడ ముందు నామవాచకం పట్టుకుని వెనక్కి నడవాలి. మీరు ఎడమ నుంచి కుడికి నడిస్తే చాలు. ‘త’ దాటాక మాత్రం దారి మారుతుంది. చ్యోవ్ ల, కాపాడింది, ముందొస్తుంది. షూ-పాయ్-వాన్ రన్ త మింగ్, పదుల లక్షల మంది ప్రాణాలు, తర్వాత. అంటే ‘త’ దాకా తెలుగు వరస, తర్వాత క్రియ, ఆఖర్న కర్మ. పెన్సిల్‌తో ప్రతి ‘త’ దగ్గరా నిలువు గీత గీసి, దాని ఎడమవైపున్నదాన్ని ‘-ఇన’ పెట్టి తెలుగులో పైకి చెప్పండి. కొన్ని చోట్ల, ఇదే వాక్యం చివర ఉన్నట్టు, ‘త’ ఉత్త ‘యొక్క’ అవుతుంది.

నాలుగో విడత ఆడియోతో గొంతెత్తి చదవడం, రెండుసార్లు. తర్వాత కాగితం తిప్పేసి విషయాన్ని చైనాలో మూడు వాక్యాల్లో చెప్పాలి. రాకపోతే తెలుగులో చెప్పి మళ్లీ ప్రయత్నించండి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 27 స్టేషన్లు. ఈ విడతకి మెట్రో బాగా కుదురుతుంది, గొంతు తగ్గించి. మొదటి విడతకి మాత్రం కుదరదు. అమీర్‌పేటలో జనం ఎక్కాక పెన్సిల్ పట్టుకునే చోటుండదు.

అన్నీ కలిపి మొదట్లో గంటన్నర పడుతుంది, దాన్ని రెండు రోజులకి పంచుకోండి. ఐదారు మాటల్ని వాక్యం ముక్కతో సహా ఆంకీ అనే కార్డుల యాప్‌లో వేయండి. ఆండ్రాయిడ్‌లో అది ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ఒంటరి అక్షరాల కార్డులు దండగ.

రాతభాష మాటలు

క్లాసులో రెండేళ్లు చదివినవాళ్లు కూడా వ్యాసం చేతికిస్తే తడబడటానికి కారణం కష్టమైన శాస్త్ర పదాలు అనుకుంటారు. కారణం అది కాదు. మాట్లాడేటప్పుడు వాడని డజను చిన్న మాటలు. మన దగ్గర కూడా ‘యొక్క’, ‘మరియు’, ‘సదరు’ ఎవరూ నోటితో అనరు, కాగితం మీద మాత్రం కనబడతాయి. చైనాలో కాయ్ అంటే అచ్చంగా సదరు. చీ అంటే మరియు. ఛీ అంటే దాని, వారి. యూ అంటే లో, నాడు. యోవ్ అంటే చేత. వెయ్ అంటే అగు. యిన్ అంటే కారణంగా. యువె అంటే సుమారు. ‘త’కి బదులు గ్రాంథికంగా చి వస్తుంది. గుంటూరు సీమలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ వజ్రాన్ని చైనాలో క్వాంగ్ చి షాన్ అంటారు, వెలుగు యొక్క కొండ. ఈ తొమ్మిదీ ఒక చిన్న అట్ట మీద రాసి వ్యాసం పక్కన పెట్టుకోండి. నెలకి అట్ట అక్కర్లేదు.

అంకెల దగ్గర లాభం, నష్టం

మూడింట రెండు వంతుల్ని చైనాలో సాన్ ఫన్ చి అర్ అంటారు. మూడు భాగాల్లో రెండు, వరస మనదే. శాతం పాయ్ ఫన్ చి, నూటికి. భూమి ఉపరితలంలో నీరు నూటికి 71, అదే వరసలో 71 చివరికొస్తుంది.

పెద్ద అంకెలు వేరే కథ. వాళ్ల మెట్లు వాన్, యీ. వాన్ అంటే 10 వేలు, యీ అంటే 10 కోట్లు. లక్ష అంటే 10 వాన్, కోటి అంటే 1000 వాన్. మిలియన్‌లోకి మార్చి మళ్లీ లక్షల్లోకి తెస్తే ఎక్కడో ఒక సున్నా జారుతుంది. నేరుగా యీ ముందున్న అంకెని పదితో హెచ్చించి కోట్లు అనుకోండి. భూమి వయసు 46 యీ సంవత్సరాలు, అంటే 460 కోట్లు.

‘రెట్లు’ దగ్గర ఒక ఉచ్చు ఉంది. త్సంగ్-చ్యా ల ల్యాంగ్ పెయ్ అంటే రెండు రెట్లు అదనంగా చేరింది, అంటే మొత్తం మూడు రెట్లయింది. ‘ల’ బదులు ‘తావ్’ ఉంటే రెండు రెట్లకి చేరింది. ఒక్క అక్షరం.

ఖాళీల్లేని వాక్యం, అంతుబట్టని పేర్లు

చైనా రాతలో మాటల మధ్య ఖాళీ ఉండదు. ఫా-చాన్-చోంగ్-క్వో-చ్యా అన్న ఐదక్షరాల వరసలో మధ్యనున్న చోంగ్-క్వో (చైనా) కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అక్కడే దెబ్బతింటారు. సరైన విరుపు ఫా-చాన్-చోంగ్, క్వో-చ్యా. అభివృద్ధి చెందుతున్న, దేశం. చైనా ప్రస్తావనే లేదు. అర్థం అతకనప్పుడు కొత్త మాట వెతికే ముందు విరుపు మార్చి చూడండి.

విదేశీ పేర్లలో అక్షరాలకి అర్థం వెతక్కూడదు. హాయ్-త-లా-పా అని చూసి సముద్రం, పొందు, లాగు అని విడదీస్తే ఏమీ రాదు. అది హైదరాబాద్. థాయ్-లూ-కూ-యూ తెలుగు భాష. విదేశీ మనిషి పేరుకీ ఇంటిపేరుకీ మధ్య చుక్క పెడతారు, అది మీకు గుర్తు. అయితే బౌద్ధం నుంచి వెళ్లిన పేర్లు కొన్ని అనువాదాలు. ఆచార్య నాగార్జునుడు చైనాలో లోంగ్-షూ, అంటే నాగ-వృక్షం, అర్జున వృక్షం అంటే మన మద్దిచెట్టు. మన పాఠ్యపుస్తకాల్లోని హ్యుయాన్‌త్సాంగ్ శ్వెన్-త్సాంగ్. ఏడో శతాబ్దంలో ఆయన ఆంధ్రదేశం, ధాన్యకటకం కూడా వచ్చాడు. 646లో పూర్తయిన ఆయన యాత్రావృత్తాంతంలో ఆంధ్రని అన్-తా-ల్వో అని రాశాడు. మన దేశానికి పాత పేరు థ్యెన్-చూ సరికాదు, యిన్-తూ అనాలి అన్నదీ ఆయనే. ఇప్పటి చైనాలో భారతదేశం యిన్-తూ.

రాజవంశాలు ఏకాక్షరాలు కావడం ఇంకో చిక్కు. యువెన్ వంశం పేరే డబ్బు లెక్కకీ వాడతారు, మింగ్ అంటే వెలుగు, ఛింగ్ అంటే స్వచ్ఛం. ఒక చీటీ మీద సంవత్సరాలతో రాసుకుని పక్కన మన కాలం పెట్టుకుంటే చరిత్ర వ్యాసం కాళ్ల మీద నిలబడుతుంది. థాంగ్ 618–907, మన వేంగి చాళుక్యుల తొలి కాలం. సోంగ్ 960–1279, రాజరాజనరేంద్రుడు, నన్నయ. యువెన్ 1271–1368, రుద్రమదేవి చివరి ఏళ్లు, 1323లో ఓరుగల్లు పతనం. మింగ్ 1368–1644, కృష్ణదేవరాయలు, 1591లో చార్మినార్. ఛింగ్ 1644–1912, ఆసఫ్‌జాహీలు. సంవత్సరం ముందు కోంగ్-యువెన్ ఛ్యెన్ అని ఉంటే క్రీస్తుపూర్వం. ఆ ‘ఛ్యెన్’ చూడకుండా దాటేస్తే ఛిన్ చక్రవర్తి చైనాని ఏకం చేసిన క్రీ.పూ. 221 కాస్తా క్రీ.శ. అయిపోతుంది.

మూలకాలు చూసి చదవండి

కెమిస్ట్రీ వ్యాసాలంటే భయపడేవాళ్లు ఇది ఒకసారి చూడాలి. ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ అక్షరాలన్నిటి పైనా ఒకే టోపీ ఉంటుంది, ఆవిరి గుర్తు. ఇనుము, రాగి, వెండి, సోడియం అక్షరాల ఎడమవైపు లోహం గుర్తు. కార్బన్, గంధకం, సిలికాన్‌కి ఎడమవైపు రాయి గుర్తు. మామూలు ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండే మూలకాలు పాదరసం, బ్రోమిన్ రెండే. రెంటిలోనూ నీటి గుర్తు ఉంటుంది, పాదరసానికి కింద, బ్రోమిన్‌కి పక్కన. పలకడం తెలియకపోయినా అది వాయువో, లోహమో, ద్రవమో కంటితోనే తెలిసిపోతుంది. మిగతా సగం సాధారణంగా పలుకుబడికి సూచన.

గ్రహాల దగ్గర ఒక జాగ్రత్త. శింగ్ అంటే నక్షత్రం అని నేర్చుకుంటారు, కానీ హ్వో-శింగ్ (నిప్పు నక్షత్రం) అంటే అంగారకుడు. అంగారం అంటే మనకీ నిప్పే. గ్రహం శింగ్-శింగ్, నడిచే నక్షత్రం. కదలనిది హంగ్-శింగ్.

పింగాణీ వారం

రెండో నెలలో విషయం మార్చేటప్పుడు పింగాణీ తీసుకోండి, సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గదులు మీకు బొమ్మల పుస్తకంలా పనికొస్తాయి. శుక్రవారం సెలవు. వెళ్లే ముందు చింగ్-త-చన్ బట్టీల మీద, కావ్-లింగ్ మట్టి మీద, ఛింగ్-హ్వా అనే నీలం-తెలుపు పాత్రల మీద మూడు వ్యాసాలు చదవండి. ఇంగ్లిష్‌లో ఆ మట్టికున్న కేయోలిన్ అన్న పేరు కావ్-లింగ్ ఊరి పేరు నుంచి వచ్చిందే. పాత్ర అడుగు కనబడేలా పెట్టిన చోట సాధారణంగా ఆరు అక్షరాలు రెండు నిలువు వరసల్లో ఉంటాయి. కుడి వరస ముందు, పైనుంచి కిందికి చదవాలి. మొదటి అక్షరం తా (మహా), రెండోది మింగ్ లేదా ఛింగ్, తర్వాతి రెండూ పాలనాకాలం పేరు, చివరి రెండూ న్యెన్ చి, ఆ ఏళ్లలో తయారైనది. ఛింగ్ కాలపు ముద్రలు కొన్ని ముద్రాలిపిలో ఉంటాయి, అవి మీరు నేర్చుకున్న అక్షరాల్లా కనబడవు. చదవగలిగినవాటిని కూడా వెంటనే నమ్మకండి: పాతవాళ్ల మీద గౌరవంతో మింగ్ పేర్లని ఛింగ్ కాలపు పనివాళ్లు తమ పాత్రల మీద వేసిన సందర్భాలు బోలెడు.